రొమ్ము కాన్సరు – కణజాలపు వయస్సు: ఒక సిద్ధాంత విమర్శ

మనుష్యుని వయస్సును పుట్టిన దినము నుండి లెక్కించుట లోకాచారము. కాని శరీరమునందలి అవయవములన్నియు ఒకే గడియారము ననుసరించి ముదియునా? 1983లో మాల్కం పైక్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులు నలుగురును 'నేచర్' పత్రికలో ప్రకటించిన వ్యాసము ఈ ప్రశ్నకు రొమ్ము విషయమున 'కాదు' అని సమాధానము చెప్పినది. స్త్రీ వయస్సు వేరు, ఆమె రొమ్మునందలి కణజాలపు వయస్సు వేరు. కాన్సరు ముప్పు రెండవదాని ననుసరించి పెరుగును అనునది వారి సిద్ధాంతము.

నలుబది ఏండ్లు గడచినను ఈ సిద్ధాంతము మరుగున పడలేదు. "స్త్రీ శరీరము జీవితకాలమున హార్మోనులకు ఎన్ని యేండ్లు లోనైన, ముప్పు అంత" అను సంక్షిప్త వాక్యముగా మారి అది లోకమున ప్రచారములో నున్నది. అయితే ఈ సంక్షేపములో మూలగ్రంథకర్తల వివేకము కొంత జారిపోయినది. వారు చెప్పని నిశ్చయము కొంత వచ్చి చేరినది. సిద్ధాంతములో నిలిచినదేది, నిలువనిదేది అని పరిశీలించుట అవసరము. ఏలన, ఇది కేవలము గణితమునకు సంబంధించిన వివాదము కాదు. తన రొమ్ములో గడ్డ తగిలిన స్త్రీ వైద్యుని యొద్దకు పోవునా, పోదా అనునది కూడ ఒక్కొక్కప్పుడు ఇట్టి వాక్యములపై ఆధారపడి యుండును.

సిద్ధాంతమునకు పూర్వము

పునాదులు చాల పాతవి. ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని వృత్తులవలన కలుగు వ్యాధులను గూర్చి వ్రాయుచు, సన్యాసినుల మఠములలో రొమ్ము కాన్సరు ఎక్కువగా కనబడుచున్నదని 18వ శతాబ్ది ఆరంభముననే గుర్తించెను. ఆ దేశమువాడే యగు డొమెనికో రిగోనీ-స్టెర్న్ 1842లో వెరోనా నగరపు మరణపట్టికలను, 1760 మొదలు 1839 వరకు గలవానిని, వడబోసి చూచెను. గర్భాశయపు కాన్సరు వివాహితలలో అధికము. రొమ్ము కాన్సరు సన్యాసినులలో అధికము. కారణమేమో ఆ పట్టికలు చెప్పజాలవు. కాని రెండు వ్యాధులకును త్రోవలు వేరని మాత్రము అవి చాటి చెప్పినవి.

1896లో గ్లాస్గో నగరపు శస్త్రవైద్యుడు జార్జి బీట్సన్ మరియొక మెట్టు ఎక్కెను. ముదిరిన రొమ్ము కాన్సరుగల స్త్రీకి అండాశయములను తొలగించగా వ్రణము క్రుంగిపోవుటను ఆయన ప్రకటించెను. ఆనాటికి ఈస్ట్రోజెను అను పేరైనను పుట్టలేదు. అండాశయములకును, దూరముననున్న రొమ్మునకును ఏదో రాయబారము జరుగుచున్నదని మాత్రము తేటపడినది.

1926లో ఇంగ్లండునందు జానెట్ లేన్-క్లేపన్ అను వైద్యురాలు 500 మంది రోగులను, కాన్సరు లేని 500 మంది స్త్రీలను ప్రక్కప్రక్కన నిలిపి వారి వివాహము, కాన్పులు, పాలిచ్చుట మున్నగు వివరములను పోల్చి చూచెను. రోగులను, నిరోగులను ఈవిధముగా పోల్చు పద్ధతికి నేటికిని ఆమె గ్రంథము మార్గదర్శకముగా పరిగణింపబడుచున్నది. 1970లో బ్రయన్ మెక్‌మాన్, ఆయన సహచరులు బోస్టన్, గ్లామోర్గన్, ఏథెన్సు, స్లొవేనియా, సావోపాలో, తైపే, టోక్యో అను ఏడు ప్రాంతముల లెక్కలను సమకూర్చిరి. 18వ ఏటికి లోపుగా తొలి బిడ్డను కన్న స్త్రీకి గల ముప్పు, 35 దాటిన పిదప కన్న స్త్రీ ముప్పులో సుమారు మూడవ వంతు మాత్రమేయని తేలినది. 1972లో వెలువడిన మరియొక పరిశీలనలో, 45వ ఏటికి ముందుగా ముట్టుడిగినవారి ముప్పు 55 తరువాత ముట్టుడిగినవారి ముప్పులో సగమని కనబడినది.

ఇన్ని ముత్యములు దొరికినవి. వానిని గ్రుచ్చు దారము లేదు. ఆ దారమును పైక్ బృందము పేనినది.

గడియారపు నిర్మాణము

పెక్కు కాన్సరులు వయస్సుతో పాటు ఒక నియమము ప్రకారము పెరుగును. వయస్సును ఒక నిర్ణీత ఘాతమునకు హెచ్చించినచో వ్యాధి రేటు వచ్చునని ఆర్మిటేజ్, డాల్ అను పండితులు 1954లో చూపిరి. రొమ్ము కాన్సరు ఈ నియమమునకు లొంగలేదు. దాని రేఖ ఏబదవ ఏటివరకు నిటారుగా ఎక్కి, అచ్చట వంగి, తరువాత మెల్లగా సాగును. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు క్లెమ్మెసెన్ 1948లోనే ఈ వంపును ఎత్తి చూపెను. రొమ్మునకు ప్రత్యేక నియమము వెదకనక్కరలేదు, వయస్సును లెక్కించు తీరు మార్చిన చాలును అనుట పైక్ బృందపు చమత్కారము.

వారి గడియారము ఇట్లు నడచును. రజస్వల అగువరకు రొమ్ము వయస్సు సున్న. అప్పటినుండి తొలి కాన్పువరకు ఏడాదికి 1 చొప్పున పెరుగును. తొలి నిండుకాన్పునందు ఒక్కసారిగా 2.2 సంవత్సరములు ముందునకు దుముకును. కాని ఆపైని వేగము తగ్గి ఏడాదికి 0.7 మాత్రమే నడచును. నలుబదవ ఏటినుండి క్రమముగా మందగించి, ముట్టుడిగిన పిదప ఏడాదికి సుమారు 0.1గా నిలుచును. ఇట్లు కూడిన వయస్సును 4.5 ఘాతమునకు హెచ్చించినచో వ్యాధి రేటు వచ్చును.

ఒక ఉదాహరణము చూడుడు. లెక్క తేలికగుటకు నలుబది తరువాతి మందగింపును విడిచిపెట్టుదము. ఒకామె 12వ ఏట రజస్వలయై, సంతానము లేక, 50వ ఏట ముట్టుడిగినది. ఆమె రొమ్ము వయస్సు 38. వేరొకామె 15వ ఏట రజస్వలయై, 20వ ఏట తొలి బిడ్డను కని, 50వ ఏటనే ముట్టుడిగినది. తొలి అయిదేండ్లకు 5, కాన్పునాటి దుముకునకు 2.2, మిగిలిన ముప్పది యేండ్లకు 21, వెరసి 28.2. ఇద్దరి వయస్సు ఏబదియే. కాని మొదటి సంఖ్య రెండవదానికి 1.35 రెట్లు, దానిని 4.5 ఘాతమునకు హెచ్చించిన సుమారు 3.8 రెట్లగును. ఘాతము చిన్న భేదములను ఎంత పెద్దవి చేయునో దీనివలన తెలియుచున్నది.

సిద్ధాంతపు గుణములు

విమర్శకుడు మొదట గుణమును ఒప్పుకొనవలెను. అంతకు మునుపు రజస్వల వయస్సు, తొలి కాన్పు వయస్సు, ముట్టుడుగు వయస్సు అనునవి మూడు వేర్వేరు అంశములుగా జాబితాలో నుండెడివి. వానిని ఒకే కాలరేఖపై నిలిపి, రేఖ వంగుటకు కారణమును అందులోనే చూపుట ఈ సిద్ధాంతపు ఘనత. కాన్పు తాత్కాలికముగా ముప్పు పెంచి పిదప తగ్గించునని, అనగా ఒకే సంఘటనకు రెండు ముఖములు గలవని చెప్పుట ఇంకను సాహసము. అండాశయపు రాయబారమును అడ్డగించినచో వ్యాధి తగ్గవలెనను ఊహయు పరీక్షకు నిలిచినది. ముప్పు అధికముగాగల 13,388 మంది స్త్రీలపై అమెరికాలో జరిగి 1998లో ప్రకటితమైన పరీక్షయందు, ఈస్ట్రోజెనును రొమ్ములో అడ్డగించు టమాక్సిఫెన్ మందు వ్యాపించు రొమ్ము కాన్సరును దాదాపు సగమునకు తగ్గించెను.

ఇంతవరకు ప్రశంస. ఇక ఆక్షేపణలు.

మొదటి ఆక్షేపణ: సంవత్సరములన్నియు సమానములు కావు

సంక్షిప్త వాక్యము ముప్పును 'ఋతుకాలపు సంవత్సరముల మొత్తము'గా చేసివైచినది. అట్లయినచో ఒక ఏడు ముందుగా రజస్వల అగుటయు, ఒక ఏడు ఆలస్యముగా ముట్టుడుగుటయు సమానమైన ఫలితము నియ్యవలెను. 2012లో 117 పరిశీలనలను, 1,18,964 మంది రోగులను ఒకచో కూర్చి చూడగా అట్లు కాలేదు. రజస్వల ఒక ఏడు ముందైనచో ముప్పు సుమారు 5 శాతము పెరిగినది. ముట్టుడుగుట ఒక ఏడు వెనుకైనచో సుమారు 2.9 శాతము మాత్రమే పెరిగినది. చిన్ననాటి సంవత్సరము బరువైనది.

ఇచ్చట పైక్ మూలసూత్రమే దాని సంక్షేపము కంటె మేలు. తొలి కాన్పునకు ముందటి ఏడాదికి 1, తరువాతి ఏడాదికి 0.7, నలుబది తరువాత ఇంకను తక్కువ అని అది చెప్పుచున్నది గదా! అయినను పరిమాణమునందు అది తప్పినది. పై ఉదాహరణములోని మొదటి స్త్రీ 12కు బదులు 11వ ఏట రజస్వలయైనచో రొమ్ము వయస్సు 38 నుండి 39 అగును. సూత్రము ప్రకారము ముప్పు సుమారు 12 శాతము పెరుగవలెను. లోకమున కనబడినది 5. పెద్ద వయస్సున తొలి ఋతువు నాటి వయస్సును జ్ఞప్తికి తెచ్చుకొనుటలో పొరపాట్లు దొరలి ఈ అంకెను కొంత తగ్గించియుండవచ్చును. అంత మాత్రమున భేదమంతయు తీరునని చెప్పుట కష్టము.

రెండవ ఆక్షేపణ: కాన్పు రహస్యము

గర్భముతోనున్న తొమ్మిది నెలలలో స్త్రీ రక్తమున ప్రవహించు ఈస్ట్రోజెను, ప్రొజెస్టిరోను పరిమాణము మరెన్నడును ఉండదు. హార్మోనుల మొత్తమే ముప్పునకు కొలత యైనచో పెక్కుమంది బిడ్డలను కన్న తల్లికి అందరికంటె ఎక్కువ ముప్పు ఉండవలెను. జరుగుచున్నది దీనికి విరుద్ధము. కావున ముప్పు హార్మోను పరిమాణముపైననే గాక, ఆ హార్మోను తాకిన కణముల స్థితిపై కూడ ఆధారపడియున్నది.

పైక్ బృందము ఈ చిక్కును 2.2, 0.7 అను రెండు అంకెలతో దాటవేసినది. అవి లెక్కకు సరిపోవునట్లు ఎన్నుకొన్న అంకెలు. కారణమును చెప్పునవి కావు. కారణము ప్రయోగశాలలో కొంత దొరికినది. కన్య ఎలుకకు కాన్సరు కలిగించు రసాయనము నిచ్చిన పాలగ్రంథులలో కంతులు విరివిగా పుట్టును. ఒకసారి ఈనిన ఎలుకకు ఇచ్చిన అరుదుగా పుట్టును. పాలనాళముల కొసలయందు చురుకుగా విభజన చెందు లేతకణములు గర్భధారణలో పరిపక్వమై పాలనుత్పత్తి చేయు పనికి కుదురుకొనునని హోసే రుస్సో, ఇర్మా రుస్సో దంపతుల పరిశోధనలు చూపినవి. పచ్చికుండపై పడిన గీత నిలుచును. కాలిన కుండపై సులభముగా పడదు. తొలి కాన్పు ఎంత ఆలస్యమైన, ఆ పచ్చిదశ అంత దీర్ఘమగును.

అంకెల విషయమునను సూత్రము పూర్తిగా నెగ్గలేదు. కాన్పునాటి 2.2 సంవత్సరముల అప్పు ఏడాదికి 0.3 చొప్పున తీరవలెనన్నచో ఏడేండ్లకు పైగా పట్టును. 2019లో 15 దీర్ఘకాల పరిశీలనలను కలిపి చూడగా, బిడ్డలు లేనివారితో పోల్చిన కాన్పైన స్త్రీల అధికపు ముప్పు కాన్పైన అయిదేండ్ల ప్రాంతమున శిఖరమునకు చేరి, సుమారు 24 ఏండ్లకు గాని పూర్తిగా తీరలేదు. లెక్కించు పద్ధతులు రెంటికిని ఒకటి కాకపోయినను, ఏడునకును ఇరువదినాలుగునకును గల దూరము చిన్నది కాదు. అయితే ఆ వయస్సులో రొమ్ము కాన్సరే అరుదు గనుక, ఈ అధికము వాస్తవమున కొలదిమందికి మాత్రమే తగులునని మరువరాదు.

చనుబాల విషయమున సిద్ధాంతము మౌనము వహించినది. 1970నాటి ఏడు ప్రాంతముల పరిశీలనలో పాలిచ్చుటవలన రక్షణ కనబడలేదు. పైక్ సూత్రములో దానికి చోటే లేదు. 2002లో 30 దేశముల 47 పరిశీలనలనుండి 50,302 మంది రోగులను, 96,973 మంది నిరోగులను కూర్చిన పిమ్మట ఫలితము బయటపడినది. ప్రతి కాన్పునకు ముప్పు 7 శాతము తగ్గుచుండగా, దానికి తోడు పాలిచ్చిన ప్రతి పండ్రెండు నెలలకు 4.3 శాతము తగ్గుచున్నది. చిన్న ఫలితమును పట్టుటకు పెద్ద వల కావలసివచ్చినది.

మూడవ ఆక్షేపణ: హార్మోను ఒకటి కాదు

సూత్రము హార్మోనులన్నిటిని ఒకే గడియారపు ముల్లుగా చేసినది. ముట్టుడిగిన స్త్రీలకు హార్మోను మాత్రల నిచ్చి అమెరికాలో చేసిన మహాపరీక్ష ఈ ముల్లును రెండుగా చీల్చెను. గర్భాశయముగల 16,608 మందిలో కొందరికి ఈస్ట్రోజెనును, ప్రొజెస్టిరోను జాతి మందును కలిపి ఇచ్చిరి. మిగిలినవారికి మందులేని మాత్ర. సగటున 5.2 సంవత్సరములు గడచునప్పటికి, 2002లో, పరీక్షను ముందుగా ఆపవలసి వచ్చెను. ఏడాదికి 10,000 మందికి మందులేని వర్గమున 30 రొమ్ము కాన్సరులు, మందు తినిన వర్గమున 38. గర్భాశయము తీసివేయబడిన 10,739 మందిపై ఈస్ట్రోజెను మాత్రమే ఇచ్చి చేసిన రెండవ పరీక్ష 2004లో ఆగెను. అందు రొమ్ము కాన్సరు పెరుగకపోగా తగ్గినది. 2020లో ప్రకటించిన దీర్ఘకాలపు లెక్కయు దానినే చెప్పెను.

ఇది తుది మాట కాదు. 2019లో లోకమందలి పరిశీలనలను కూర్చినవారు ఈస్ట్రోజెను ఒక్కటియే తినినవారిలోను కొలది పెరుగుదలను చూచిరి. ఏబదవ ఏట మొదలిడి అయిదేండ్లు తినినచో, 50 మొదలు 69 ఏండ్ల లోపల కలుగు అదనపు కాన్సరు, ప్రతిదినము రెండు మందులు కలిపి తినువారిలో 50 మందికి ఒకటి. ఈస్ట్రోజెను మాత్రమే తినువారిలో 200 మందికి ఒకటి. అమెరికా పరీక్షలో చేరినవారి సగటు వయస్సు సుమారు 63. చాలమందికి ముట్టుడిగి ఏండ్లు గడచినవి. పరిశీలనలలోనివారు పెక్కురు ముట్టుడుగు దినములలోనే మొదలిడిరి. ఫలితభేదమునకు ఇదియొక కారణమై యుండునని పండితుల ఊహ. ఊహ నిజమైనచో మరల అదే పాఠము: ఎంత అనునది ఎంత ముఖ్యమో, ఎప్పుడు అనునదియు అంత ముఖ్యము.

నాల్గవ ఆక్షేపణ: వ్యాధియు ఒకటి కాదు

రొమ్ము కాన్సరు కణములలో కొన్ని ఈస్ట్రోజెనును పట్టుకొను గ్రాహకములను కలిగియుండును. కొన్నింటికి అవి లేవు. టమాక్సిఫెన్ మొదటి తెగను మాత్రమే తగ్గించినది. కాన్పుల రక్షణయు ముఖ్యముగా మొదటి తెగకే. గ్రాహకములు లేని తెగలో కాన్పులు రక్షింపకపోగా, బిడ్డకు పాలీయని తల్లులలో ముప్పును పెంచినట్లు అమెరికాలోని నల్లజాతి స్త్రీలపై జరిగిన పరిశీలనలు తెలుపుచున్నవి. పాలిచ్చుట ఆ ముప్పును తగ్గించుచున్నది. ఒకే గడియారము రెండు వ్యాధులకు కాలము చూపజాలదు. 1983లో ఈ భేదము ఇంత స్పష్టము కాదు గనుక ఇది గ్రంథకర్తల దోషము కాదు. నేటికిని పాతలెక్కనే వల్లించువారి దోషము.

గుంపు లెక్కయు, ఒక్కరి బ్రతుకును

ఇట్టి సిద్ధాంతములు జనసమూహములను గూర్చి చెప్పును. 2002నాటి పరిశీలకులు ఒక లెక్క వేసిరి: సంపన్నదేశపు స్త్రీలు, పేదదేశములలో ఇటీవలివరకు ఉండిన కాన్పుల సంఖ్యను, పాలిచ్చు కాలమును అనుసరించినచో, 70 ఏండ్లలోపల నూటికి 6.3 మందికి వచ్చు రొమ్ము కాన్సరు 2.7 మందికి తగ్గును. ఆ తగ్గుదలలో సుమారు మూడింట రెండు వంతులు పాలిచ్చుటవలననే. లోకమున ఎంత భేదమో! కాని మిగిలిన 2.7ను కూడ చదువవలెను. పెక్కు కాన్పులు, ఏండ్ల తరబడి పాలిచ్చుట ఉన్నను వ్యాధి రాదను హామీ లేదు. ఏబది శాతము రొమ్ము కాన్సరులు స్త్రీత్వము, నలుబది దాటిన వయస్సు తప్ప వేరే ప్రత్యేక కారణము కనబడనివారికే వచ్చుచున్నవని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది.

ఈ విచారము తెలుగుదేశమునకు దూరపు వార్త కాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము స్త్రీకి సగటు సంతానము ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. చదువు, ఉద్యోగము, ఆలస్యపు వివాహము, చిన్న సంసారము పెరుగుచున్నవి. దేశమున స్త్రీల కాన్సరులలో ఇప్పుడు రొమ్ము కాన్సరుదే ప్రథమస్థానము. దీనిని చూచి "పాతకాలపు పద్ధతియే మేలు, బాలికలకు త్వరగా వివాహము చేయుడు" అనువారు లేకపోలేదు. ఇది సిద్ధాంతమును తలక్రిందులు చేయుట. బాల్యమాతృత్వము తెచ్చు రక్తహీనతయు, కష్టకాన్పులును, శిశుమరణములును, ఆగిపోయిన చదువును లెక్కలో వేయక, ఒక్క రొమ్ము వయస్సునే త్రాసులో పెట్టుట శాస్త్రము కాదు. మార్చుకొనుటకు వీలైన అంశములు వేరుగా నున్నవి: బిడ్డకు తగినంతకాలము చనుబాలిచ్చుట, అందుకు పనిచేయు తల్లికి సెలవును చోటును కల్పించుట, ముట్టుడిగిన పిమ్మట స్థూలకాయము రాకుండ చూచుకొనుట, మద్యమును విడుచుట, హార్మోను మాత్రలను వైద్యుని సలహాతో మాత్రమే వాడుట. వీనిలో మొదటి రెండును స్త్రీ ఒక్కతె భారము కావు. కుటుంబమునకును, ప్రభుత్వమునకును, యజమానులకును పాలు కలదు.

రెండవ దురర్థము ఇంకను ప్రమాదకరము. సంతానము లేని స్త్రీకి వ్యాధి వచ్చిన "నీ నడవడియే కారణము" అని నిందించుటయు, నలుగురు బిడ్డలను కని పాలిచ్చిన తల్లి "నాకు రాదులే" అని గడ్డను దాచుకొనుటయు ఒకే పొరపాటునకు రెండు కొమ్మలు. మొదటిది జాలి లేనిది. రెండవది ప్రాణము తీయునది.

పైక్ బృందపు గడియారము మంచి పనిముట్టు. అది పట్టికలకు అర్థము నిచ్చెను. టమాక్సిఫెన్ వంటి ఉపాయములు ఎందుకు ఫలించునో తెలుపు వెలుతురు నిచ్చెను. కాని రొమ్ము కేవలము ఏండ్లను కూడు పాత్ర కాదు. పచ్చిదై, పండి, పాలిచ్చి, మరల ముడుచుకొను సజీవమైన అవయవము. ఏ హార్మోను, ఏ వయస్సున, ఏ స్థితిలోనున్న కణమును తాకెను అను మూడు ప్రశ్నలను కలిపి అడుగు సిద్ధాంతము వచ్చువరకు, పాత సూత్రమును వాడవలెను. దానికి దాస్యము చేయరాదు. రొమ్మున క్రొత్తగా గడ్డ తగిలిన స్త్రీకి ఆ సూత్రము చెప్పవలసినది ఏమియు లేదు. రజస్వల యెప్పుడైనది, బిడ్డలెందరు అను లెక్క మానుకొని, ఆమె ఆ వారములోనే వైద్యునికి చూపించుకొనవలెను.